ఎముకల్లేని జీవికి అస్థిపంజరమా?

ఎడిటర్ గారికి,

మొన్నటి ఆదివారం కాదు, దాని ముందు ఆదివారం మీ పిల్లల పేజీలో వేసిన ముళ్ల పురుగు వార్త గురించి ఇది. పెద్దవాణ్ణి, ఎందుకులే అని ఇన్నాళ్లూ ఊరుకున్నా, కానీ మా మనవడు క్విజ్‌లో ఓడిపోయి మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాక ఇంక నా వల్ల కాలేదు.

"డైనోసార్లతో తిరిగిన ముళ్ల వానపాము, ఇంగ్లండ్‌లో దొరికిన అస్థిపంజరం" అని హెడ్డింగు, పక్కన ఫొటో చూస్తే మా పెరట్లో మునగచెట్టుకి పట్టే గొంగళిపురుగు! దాని పేరు అకీనోప్లాక్స్ అండీ. వానపాము కాదు, నత్తలకీ ఆల్చిప్పలకీ చుట్టం, మొలస్కా అనే మెత్తటి ఒంటి జీవుల వర్గం. పొడుగ్గా పురుగులా ఉంటుంది, వీపు మీద వరసగా ఏడు పెంకులు, ముళ్లు కూడా వరసలే. నత్తకి ఎముకలుంటాయా, మరి అస్థిపంజరం ఎక్కణ్ణుంచి తెచ్చారు? అది బతికింది సుమారు 42.5 కోట్ల ఏళ్ల కిందట, డైనోసార్లు వచ్చింది 23 కోట్ల ఏళ్ల కిందట. మధ్యలో 19.5 కోట్ల ఏళ్లు మీ వాళ్లు టీ తాగినంతసేపట్లో మింగేశారు.

చెప్పాల్సిన కథేమో వదిలేశారు. ఇంగ్లండ్‌లోని హెరెఫోర్డ్‌షైర్‌లో అగ్నిపర్వతం బూడిద సముద్రం అడుగున పడి దీన్ని కప్పేసింది, చుట్టూ గట్టిపడి రాయి అయిపోయింది. ఆ రాయిని గంధం అరగదీసినట్టు వెంట్రుకవాసి చొప్పున అరగదీస్తూ, పొరపొరకీ ఫొటో తీసి, అన్నీ కంప్యూటర్లో పేర్చి బొమ్మ కట్టారు. చివరికి రాయి పొడైపోతుంది, బొమ్మే మిగులుతుంది. ఇది రాసుంటే పిల్లలు నోరు తెరుచుకుని చదివేవాళ్లు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, 2001లో నేచర్ అనే సైన్స్ పత్రికలో దీన్ని మొలస్కా అని ప్రకటిస్తే, కాదు సముద్రపు పురుగే అని అదే పత్రికలో వేరేవాళ్లు తగువుకి దిగారు. కానీ వాళ్లు ఆధారాలు చూపించి పోట్లాడారు, మీరు గొంగళిపురుగుని చూపించారు.

ఇంతకీ ఆ క్విజ్‌లో ఈ జీవి ఏ జాతిదన్నదే ప్రశ్న. మావాడు నత్తల జాతి అన్నాడు, తప్పని రెండు మార్కులు కోసేశారు. క్విజ్ పెట్టినవాళ్లని వెళ్లి అడిగితే మీ పేపర్ కటింగే తీసి చూపించారు, "ఏటి మాస్టారూ, అచ్చయింది కదా" అని. పై ఆఫీసుకి వెళ్తే మొదటిరోజు సారు మీటింగు, రెండోరోజు వీడియో కాన్ఫరెన్సు, మూడోరోజు యాప్‌లో కంప్లయింట్ పెట్టుకోమన్నారు. నత్త గురించి యాప్‌లో ఏ కేటగిరీ కింద పెట్టాలండీ? బడుల్లో ఫొటోలు అప్‌లోడ్ చెయ్యడానికే టైమ్ చాలట్లేదు, ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుందో ఎవడికీ తెలీదు. గరివిడి, గర్భాం మాంగనీసు గనులున్న జిల్లా మనది, ఇక్కడి పిల్లలకి ఒక్క రాయి చేతిలో పెట్టి ఇదేంట్రా అని అడిగే దిక్కు లేదు.

మావాడి రెండు మార్కులు మీరు ఎలాగూ ఇవ్వలేరు, సవరణ అయినా వెయ్యండి. ఫస్ట్ పేజీ అక్కర్లేదు, టెండర్ నోటీసుల కింద మాత్రం పెట్టకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్స్ మాస్టారు,
విజయనగరం