నీ పుస్తకాల డేటాబేస్ గురించి

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అందింది. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నిటికీ సొంతంగా ఒక డేటాబేస్ తయారు చేసుకుంటానన్నావు చూడు, ఆ మాట చదవగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఏ పుస్తకం ఏ అరలో ఉంది, ఎవరు తీసుకువెళ్లారు, ఎప్పుడు తీసుకువెళ్లారు, అన్నీ ఒకచోట కనిపిస్తే ఎంత బాగుంటుందో! కానీ ఉత్తరంలో పుస్తకాల ఊసు కాస్తే ఉంది. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ల పేర్లే. ఎక్సెల్, ఆక్సెస్, లిబ్రెఆఫీస్ బేస్, పోస్ట్‌గ్రెస్, ఆన్‌లైన్‌లో దొరికే రకరకాల సేవలు... దేనికదే బాగుందనిపిస్తోందని, ఏదీ తేల్చుకోలేకపోతున్నానని రాశావు.

నన్నడిగితే ఆ పోలికలు కొన్నాళ్లు ఆపు. ముందు ఒక తెల్లకాగితం తీసుకుని, ఈ డేటాబేస్‌ను నువ్వు ఏమేం అడగబోతున్నావో రాయి. ఫలానా రచయితవి నా దగ్గర ఏమేం ఉన్నాయి? బయటికి వెళ్లి ఇంకా తిరిగి రానివి ఏవి? ఒకే పుస్తకానికి రెండు ప్రతులు ఉన్నాయా? ఫలానావారు అనువదించినవి ఏవి? ఏ సాధనం కావాలో ఈ ప్రశ్నలే చెబుతాయి.

వాటిని రాస్తుండగానే నీకు ఒక సంగతి తెలిసిపోతుంది. ఒక పుస్తకానికి ఇద్దరు ముగ్గురు రచయితలు ఉండవచ్చు, ఒక రచయితకు పుస్తకాలు ఎన్నైనా ఉండవచ్చు. ఎక్సెల్‌లాంటి స్ప్రెడ్‌షీట్‌లో అయితే ‘రచయిత 1’, ‘రచయిత 2’ అని కాలమ్‌లు పెడతావు. పదిమంది కలిసి రాసిన వ్యాససంకలనం రాగానే ఆ ఏర్పాటు కుప్పకూలుతుంది. అందుకే పుస్తకాలకు ఒక టేబుల్, మనుషులకు ఒక టేబుల్, ఏ మనిషికి ఏ పుస్తకంతో ఏ సంబంధం ఉందో చెప్పడానికి మూడో టేబుల్. అరువు ఇచ్చినవాటికి ఇంకొకటి. అందులో పుస్తకం, తీసుకున్న మనిషి, ఇచ్చిన తేదీ, తిరిగి వచ్చిన తేదీ ఉంటే చాలు. చివరి గడి ఖాళీగా ఉన్న వరుసలన్నీ అడిగితే, ఇంకా ఇంటికి చేరని పుస్తకాలేవో క్షణంలో తెలుస్తాయి. 1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన పద్ధతి ఇదే. సమాచారాన్ని టేబుళ్లుగా విడదీసి ఉంచు, కావలసినప్పుడు కలిపి అడుగు, అది లోపల ఎక్కడ ఎలా దాగి ఉందన్న బాధ అడిగేవాడికి ఉండకూడదు అన్నాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా మనం ఆ దారిలోనే నడుస్తున్నామంటే, ఆ ఆలోచన మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను.

స్ప్రెడ్‌షీట్‌తో ఇంకో చిక్కు ఉంది. పుస్తకం వెనక ఉండే పదమూడు అంకెల ఐఎస్‌బీఎన్‌ను, అంటే ఆ పుస్తకం అంతర్జాతీయ గుర్తింపును, ఎక్సెల్‌లో మామూలు గడిలో కొట్టి చూడు. 9.78E+12 అని కనిపిస్తుంది. దాన్ని అలాగే సీఎస్‌వీగా, అంటే ఉత్త అక్షరాల ఫైల్‌గా, సేవ్ చేస్తే మిగతా అంకెలు పోయినట్లే. 2007కు ముందు వచ్చిన పది అంకెల ఐఎస్‌బీఎన్‌లు సున్నాతో మొదలైతే ఆ సున్నా ఎగిరిపోతుంది. కొన్నింటి చివర ఎక్స్ అక్షరం కూడా ఉంటుంది. అంటే అది సంఖ్యే కాదు, అంకెలతో రాసిన పేరు. దాన్ని ఎప్పుడూ టెక్స్ట్‌గానే దాచుకోవాలి. ఈ తంటా మన ఇళ్లకే పరిమితం కాదు. మనిషి జన్యువుల పేర్లు కొన్నింటిని ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుండటంతో, 2020లో శాస్త్రవేత్తలు ఏకంగా ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు!

ఇక సర్వర్ల సంగతి, అంటే ఎప్పుడూ నడుస్తూ ఉండి అడిగినవాళ్లకు డేటా అందించే పోస్ట్‌గ్రెస్ లాంటి ప్రోగ్రాముల సంగతి. పోస్ట్‌గ్రెస్ గొప్పది, అందులో రెండో మాట లేదు. 1986లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పరిశోధనగా మొదలై ఇంత దూరం వచ్చింది. వందలమంది ఒకేసారి రాస్తున్నా, ఎవరికి ఏ హక్కులుండాలో తేల్చాలన్నా అది చూసుకుంటుంది. కానీ నీ డేటాబేస్‌లో రాసేది నువ్వొక్కడివే. దానికోసం సర్వర్ ఎప్పుడూ నడుస్తూ ఉండాలి, పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా డేటాను కొత్తదానిలోకి తరలించాలి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

నా ఓటు ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ప్రోగ్రాంకు. డేటాబేస్ మొత్తం ఒకే ఒక ఫైల్. సర్వర్ లేదు, పాస్‌వర్డ్ లేదు, లైసెన్స్ కూడా లేదు, ఎందుకంటే దాన్ని రాసినవాళ్లు హక్కులు వదులుకుని అందరికీ ఇచ్చేశారు. రిచర్డ్ హిప్ దీన్ని 2000లో మొదలుపెట్టాడు. అప్పట్లో ఆయన యుద్ధనౌకల్లో వాడే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నాడు. సర్వర్ ఆగితే ప్రోగ్రాం కూడా ఆగిపోతోందని, సర్వరే అక్కరలేని డేటాబేస్ ఒకటి కావాలనుకున్నాడట. ఇప్పుడు నీ ఫోన్‌లో, నీ బ్రౌజర్‌లో కూడా అదే ఉంది. 2050 దాకా దాన్ని కాపాడుతూ ఉంటామని తయారుచేసినవాళ్లు రాసిపెట్టారు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ డేటాను దీర్ఘకాలం భద్రపరచడానికి సిఫారసు చేసిన ఫార్మాట్లలో ఇదీ ఒకటి. ఈ ఒక్క మాట చాలు నాకు. ప్రోగ్రాములు వస్తుంటాయి, పోతుంటాయి. నువ్వు కూర్చుని ఒక్కొక్కటిగా ఎక్కించిన వివరాలు మాత్రం నీ పిల్లలు కూడా తెరిచి చూసుకోగలగాలి.

చూడటానికి, ఎక్కించడానికి ‘డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్’ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. మొదట్లో అదే సరిపోతుంది. తర్వాత ఓపిక ఉంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకో. ఎస్‌క్యూలైట్‌ను పలకరించే మాడ్యూల్ పైథాన్‌తోపాటే వస్తుంది, విడిగా ఏదీ తెచ్చుకోనక్కర లేదు. అందమైన ఫారాలు కావాలంటే లిబ్రెఆఫీస్ బేస్ చూడవచ్చు. ఆక్సెస్‌లోనూ ఫారాలు చక్కగా వస్తాయి కానీ అది విండోస్ దాటి రాదు, ఫైల్ రెండు గిగాబైట్లు మించకూడదు.

రెండు జాగ్రత్తలు మాత్రం మొదటి రోజే తీసుకో. ఎస్‌క్యూలైట్ స్వభావరీత్యా ఉదారమైనది. ఏడాది ఉండాల్సిన చోట ‘తెలియదు’ అని రాసినా కాదనదు. 2021 నుంచి టేబుల్ తయారుచేసేటప్పుడు చివర ‘స్ట్రిక్ట్’ అని చేర్చే వీలు వచ్చింది, అది తప్పకుండా వాడు. అలాగే లేని పుస్తకానికి అరువు రాయకుండా ఆపే ఫారిన్ కీ తనిఖీ సాధారణంగా ఆపివేసి ఉంటుంది. నువ్వు స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాం) రాసినప్పుడు, డేటాబేస్‌ను తెరిచే ప్రతి కనెక్షన్ మొదట్లోనూ దాన్ని ఆన్ చేయాలి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయానికి వస్తాను, తెలుగులో వెతకడం. ఎస్‌క్యూలైట్‌లో ఎఫ్‌టీఎస్5 అనే వెతుకులాట ఏర్పాటు ఉంది, చాలా వేగం. అయితే అది మాటలను విడగొట్టేటప్పుడు అక్షరాలను, అంకెలను మాత్రమే మాటలో భాగంగా లెక్కిస్తుంది. మన గుణింతాలు, పొల్లు, సున్నా యూనికోడ్ (కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే పద్ధతి) లెక్కలో అక్షరాలు కావు, గుర్తులు. దాంతో అవి వచ్చిన ప్రతిచోటా మాట తెగిపోతుంది. ‘కాలు’ అని వెతికితే దానికి కనిపించేది క, ల మాత్రమే. అందుకని ‘కీలు’, ‘కూలి’ కూడా తెచ్చి నీ ముందు పోస్తుంది. మందు ఉంది. ఆ టేబుల్ తయారుచేసేటప్పుడే, మాటలను విడగొట్టే యూనికోడ్61 టోకెనైజర్‌కు కేటగిరీల జాబితాలో ఎమ్ఎన్ (Mn), ఎమ్‌సీ (Mc) అనే గుర్తుల రకాలను కూడా చేర్చు. మాట ముక్కలు కాకుండా నిలుస్తుంది. అప్పుడు ‘పుస్తక’ అని రాసి పక్కన నక్షత్రం గుర్తు పెడితే పుస్తకం, పుస్తకాలు, పుస్తకాలయం అన్నీ దొరుకుతాయి. విభక్తులన్నీ మాటకే అతుక్కునే మన భాషకు ఈ పద్ధతి ఎంత బాగా నప్పుతుందో వాడి చూస్తే తెలుస్తుంది.

ఇంకోటి. పొల్లుతో ముగిసే పేర్ల చివర కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని గుర్తు ఒకటి వదులుతాయి. తెరమీద రెండు పేర్లూ అచ్చం ఒకేలా ఉంటాయి, డేటాబేస్ మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులంటుంది. ఎక్కించే ముందే దాన్ని తీసేసే చిన్న స్క్రిప్టు రాసుకో.

ఆన్‌లైన్ సేవలు వద్దని నేననను. కావాలనుకుంటే ముందుగా రెండు మూడు పుస్తకాలు ఎక్కించి, రచయితలకు లింకులు కలిపి, ఒకదాన్ని అరువు ఇచ్చినట్లు రాసి, వెంటనే మొత్తం ఎగుమతి చేసి చూడు. వచ్చిన ఫైల్‌లో ఆ లింకులు మిగిలి ఉన్నాయా, లేక ఉత్త పేర్లు మాత్రమే ఉన్నాయా? ఉత్త పేర్లే అయితే ఒకే పేరున్న ఇద్దరు రచయితలను తర్వాత ఎవరూ విడదీయలేరు. అలాంటిచోట నీ శ్రమ పోయకు.

బ్యాకప్‌కు ఫైల్‌ను కాపీ చేస్తే సరిపోతుంది, ప్రోగ్రాం మూసి ఉన్నప్పుడు. తెరిచి ఉన్నప్పుడు కాపీ చేస్తే సగం రాసిన ఫైల్ రావచ్చు. అందుకోసమే ‘వాక్యూమ్ ఇంటూ’ అనే ఆజ్ఞ ఉంది, అది నిక్షేపంలాంటి ప్రతిని తీసి ఇస్తుంది. క్లౌడ్‌తో తనంతట తాను సింక్ అయ్యే ఫోల్డర్‌లో అసలు ఫైల్‌ను మాత్రం పెట్టకు. అక్కడ ఆ బ్యాకప్ ప్రతిని పెట్టు.

చివరగా, పుస్తకాలకు గుర్తింపు సంఖ్యగా ఐఎస్‌బీఎన్ పెట్టకు. నీ దగ్గరున్న పాతవాటిలో చాలావాటికి అసలు అదే ఉండదు, రెండు ప్రతులకూ అదే సంఖ్య ఉంటుంది. నీ సొంత వరుస సంఖ్య ఇచ్చుకో. కాగితం మీద టేబుళ్లు గీయగానే ఫోటో తీసి పంపు. అనువాదకులను, సంపాదకులను రచయితలతోపాటు మనుషుల టేబుల్‌లోనే ఉంచుతావో, వేరుగా పెడతావో చూడాలని ఉంది. నాకైతే ఒకేచోట ఉండటమే ఇష్టం, ఎందుకంటే ఈరోజు అనువాదకుడిగా ఉన్న మనిషే రేపు నీ అరలోకి సొంత పుస్తకంతో వస్తాడు.

నీ
సుధాకర్