కేసుల జాబితా అందరికీ ఉంది, విడదీసి చెప్పేవాళ్లే లేరు

గౌరవనీయ సంపాదకులకు,

ఎన్నికల ఫలితాలు వచ్చిన వారంలోపే కేసులున్న విజేతల లెక్క పత్రికల్లో వస్తుంది. 2024లో లోక్‌సభకు గెలిచిన 543 మందిలో 251 మంది తమ మీద క్రిమినల్ కేసులున్నాయని స్వయంగా రాసిచ్చారు. 2004లో వాళ్లు 125 మంది. తెలంగాణ నుంచి గెలిచిన 17 మందిలో 14 మందివి అలాంటి అఫిడవిట్లే. ఈ లెక్క పక్కనే ఓటర్లు అమ్ముడుపోయారన్న మాట కూడా అచ్చవుతుంది. డబ్బు పంపిణీ లేదని ఎవరూ అనలేరు. అయితే ఇద్దరు ముగ్గురు పంచిన చోట జనం ఒకరికే ఎందుకు వేశారన్నది డబ్బుతో తేలే ప్రశ్న కాదు.

అదే లెక్కలో కేరళ 20కి 19 మందితో అందరికంటే పైన ఉంది. హర్తాళ్లు, ధర్నాల కేసులు అక్కడి నాయకుల అఫిడవిట్లలో పేజీలకు పేజీలుంటాయి. ఓరుగల్లు వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. తెలంగాణ ఉద్యమంలో రైల్‌రోకో చేస్తే రైల్వే చట్టం 174, రాస్తారోకో చేస్తే ఐపీసీ 341, నిషేధాజ్ఞలు మీరితే 188. కాకతీయ యూనివర్సిటీ విద్యార్థి మీద కేసుంటే ఊళ్లో గౌరవం పెరిగిన రోజులవి. ఆ అనుభవమున్న ఓటరుకు ‘ఆయన మీద ఎనిమిది కేసులున్నయ్’ అని చెబితే, సర్కారే పెట్టించి ఉంటుందనుకుంటాడు. చెరువు శిఖం కబ్జా చేసినవాడూ, సాక్షిని బెదిరించినవాడూ బతికి బట్టకడుతున్నది ఈ నమ్మకం చాటునే. ‘రాజకీయ కక్షతో పెట్టిన కేసులు’ అని ఒక్క మాట అంటే చాలు, ఉద్యమకారుల వరుసలో నిలబడిపోతాడు.

ఇక అవసరం సంగతి. సాదాబైనామా (తెల్లకాగితం మీద రాసుకున్న భూమి కొనుగోలు) దరఖాస్తు కదలాలన్నా, రిజిస్ట్రేషన్లు ఆపే 22-ఎ నిషేధిత జాబితాలో పడ్డ సర్వే నంబరు బయటికి రావాలన్నా, ఠాణాలో ఫిర్యాదు ఎఫ్‌ఐఆర్ కావాలన్నా చట్టప్రకారం ఎవరి సిఫారసూ అక్కర్లేదు. నడిచేది మాత్రం పైరవీ మీదే. దళితబంధులో కుటుంబానికి 10 లక్షల సాయానికి పేర్లు ఇచ్చింది చాలాచోట్ల ఎమ్మెల్యేలే. ఎస్సై ఎవరి మాట వింటాడో తెలిసిన ఓటరు, ఎస్సైతో గట్టిగా మాట్లాడగలవాడినే ఎంచుకుంటాడు. నాకిది నచ్చదు, కానీ ఇందులో తెలివితక్కువతనం ఏమీ లేదు.

చట్టం సమాచారం ఇవ్వడం దగ్గరే ఆగిపోయింది. 2002లో సుప్రీంకోర్టు తీర్పుతో, అభ్యర్థి తన కేసులు రాసివ్వాల్సిన ఫారం 26 అఫిడవిట్ వచ్చింది. రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే సభ్యత్వం వెంటనే పోతుందని 2013 తీర్పు తేల్చింది. శిక్ష పడనంత కాలం పోటీకి అడ్డు లేదు. ప్రజాప్రతినిధుల కేసుల కోసం పెట్టిన ప్రత్యేక కోర్టు హైదరాబాద్‌లోని నాంపల్లిలో ఉంది. ఇక్కడి సాక్షి ప్రతి వాయిదాకూ 150 కిలోమీటర్లు పోవాలి. కూలి పోగొట్టుకుని నాలుగోసారి కూడా వెళ్లే సాక్షులు ఎందరుంటారు?

కేసులున్న అభ్యర్థి, పార్టీ మూడుసార్లు పత్రికల్లో, టీవీల్లో ప్రకటన ఇవ్వాలి. అభ్యర్థిది సీ-1 ఫారం, పార్టీది సీ-2. మొదటిది ఉపసంహరణ గడువు ముగిశాక 4 రోజుల్లో, రెండోది 5 నుంచి 8 రోజుల మధ్య, మూడోది 9వ రోజు నుంచి ప్రచారం ముగిసేలోపు. అక్షరాలు 12 సైజుకు తగ్గకూడదు. వస్తున్నాయి, లోపలి పేజీల్లో, సెక్షన్ నంబర్ల మూటగా. కేసుల్లేని మనిషిని కాదని ఇతన్నే ఎందుకు ఎంచుకున్నారో పార్టీ సీ-7 ఫారంలో, ఎంపిక చేసిన 48 గంటల్లో చెప్పాలి. ‘గెలుస్తాడు’ అన్నది కారణం కాదని 2020లో కోర్టు చెప్పింది. ఆ తర్వాత అందరూ ‘ప్రజాసేవకుడు’ అయిపోయారు.

సెక్షన్ నంబర్లు ఇప్పుడు మరీ చిక్కు. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలకు ఐపీసీ, ఆ రోజు నుంచి జరిగినవాటికి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత). ఐపీసీలో 302 అంటే హత్య, బీఎన్‌ఎస్‌లో 302 అంటే మతభావాలు గాయపరిచే మాటలు. హత్య అక్కడ 103. మోసం పాత 420, కొత్తది 318(4).

అందుకే మీ పత్రికను అడుగుతున్నది ఒకటి. ఫారం 26లో 5వ అంశం పెండింగ్ కేసులది, 6వది శిక్షలది. 5లో ఎఫ్‌ఐఆర్ నంబరు, ఠాణా, కోర్టు కేసు నంబరు, సెక్షన్లు, అభియోగాలు ఖరారయ్యాయా, అయితే ఏ తేదీన అన్నవి ఉంటాయి. ఫిర్యాదుదారు ఎవరో మాత్రం ఉండదు, అసలు విషయం అక్కడే తేలుతుంది. ఫిర్యాదు చేసింది బందోబస్తులో ఉన్న పోలీసైతే ఒక అర్థం, ప్లాటు పోగొట్టుకున్న మనిషైతే ఇంకో అర్థం. ఎఫ్‌ఐఆర్ ప్రతి చాలావరకు పోలీసు వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. కేసు నంబరు కొడితే కోర్టుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో విచారణ ఎక్కడిదాకా వచ్చిందో, వాయిదా ఎప్పుడో తెలుస్తుంది. పదవిలో ఉన్న ఎంపీ, ఎమ్మెల్యేల మీది తీవ్రమైన కేసుల్లో అభియోగాలు ఖరారైన ఏడాదిలో విచారణ ముగించాలని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది కనుక ఆ తేదీ పక్కన ఎన్నేళ్లు గడిచాయో కూడా వేయవచ్చు. ఉద్యమం, ధర్నా కేసులు ఒక వరుసలో; భూమి, బెదిరింపు, దాడి, మోసం ఇంకో వరుసలో. ఉద్యమ కేసుల్లోనూ దాడి సెక్షన్లు కలిపి పెట్టడం మామూలే కాబట్టి సెక్షన్ చూసి కాక ఎఫ్‌ఐఆర్ చదివి విడదీయాలి.

ఉమ్మడి వరంగల్‌లో 12 నియోజకవర్గాలు. ప్రధాన అభ్యర్థుల అఫిడవిట్లు నలభైకి అటూఇటూ. ఇద్దరు విలేకరులు, ఒక లాయరు కూర్చుంటే వారంలో అయ్యే పని. సీ-1 ప్రకటన డబ్బు మీరు తీసుకోండి, ఈ పట్టిక దానికి పైన, అదే పేజీలో వేయండి.

ఇట్లు
ఒక న్యాయవాది, హనుమకొండ