షెడ్లలో ఉన్నవాళ్ళను లెక్కపెట్టకుండా బెంగళూరును ఎలా చదువుతారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. బెంగళూరు గురించి ఈమధ్య వస్తున్న నివేదికల్లో ఎక్కువగా కనిపించేవి రెండే విషయాలు: ఐటీ, ట్రాఫిక్. ఆసియాలో వేగంగా పెరుగుతున్న నగరాల ఆర్థిక పరిస్థితిని, సమాజాన్ని అధ్యయనం చేయడానికి ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు ఇక్కడికి వస్తున్నారు. రావడం మంచిదే, ఈ ఊరికి ఆ చదువు అవసరం కూడా. కానీ ఈ నగరాన్ని కడుతున్నవాళ్ళు, బట్టలు కుడుతున్నవాళ్ళు, వీధులు ఊడుస్తున్నవాళ్ళు ఎంతమందో తేలకుండానే మిగతా లెక్కలన్నీ వేసేస్తున్నారు. నా బాధ అదే.

మన చేతిలో ఉన్న చివరి పూర్తి లెక్క 2011ది. 2001లో 65 లక్షలున్న బెంగళూరు నగర జిల్లా జనాభా ఆ పదేళ్ళలో 96 లక్షలు దాటింది. ఆ తర్వాత అన్నీ అంచనాలే. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడుతూ వచ్చి 2027 ఫిబ్రవరికి చేరింది. నగరానికి 2007లో ఆమోదించిన మాస్టర్ ప్లానే ఇంకా ఆధారం. 2031 కోసం 2017లో ముసాయిదా వచ్చింది గానీ దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2025 సెప్టెంబరులో నగరపాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. వాటి వార్డుల హద్దులకు కూడా 2011 జనాభాయే కొలమానం.

ఈ లెక్కలకు అందకుండా పోయేది ఎవరంటే, మనవాళ్ళే చాలామంది. కదిరి, కళ్యాణదుర్గం, మడకశిర వైపు నుంచి, అటు పాలమూరు నుంచి, వేరుశనగ చేతికొచ్చాక, లేదా చేతికి రాకుండా పోయాక, భార్యాభర్తలు పిల్లలతో సహా బస్సెక్కుతారు. సర్జాపుర రోడ్డు, వైట్‌ఫీల్డ్, హెణ్ణూరు, దేవనహళ్ళి వైపు ఏ పెద్ద సైటుకు వెళ్ళినా పక్కనే రేకుల షెడ్లు కనిపిస్తాయి. వాటికి ఇంటి నంబరు ఉండదు, కరెంటు మీటరు ఉండదు. అపార్టుమెంటు పూర్తయి గృహప్రవేశాలు మొదలయ్యే నాటికి షెడ్లున్న చోట కార్ల పార్కింగ్ గీతలు ఉంటాయి. అక్కడున్నవాళ్ళు ఇంకో సైటుకు వెళ్ళిపోయి ఉంటారు.

నేను రిటైరైన అర్థశాస్త్రం లెక్చరర్ని. సర్వేలకు వచ్చే విద్యార్థులకు అప్పుడప్పుడు తెలుగులో మాటసాయం చేస్తుంటాను. వాళ్ళ ప్రశ్నపత్రంలో 'నెల ఆదాయం ఎంత?' అని ఒక గడి ఉంటుంది. ఈ కూలీలకు నెల జీతమనేదే లేదు. ఊళ్ళో ఉండగానే, పెళ్ళికో వైద్యానికో, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటారు. ఇక్కడ వారానికోసారి ఖర్చులకు మాత్రం ఇస్తారు. మిగిలింది పని ముగిశాక అడ్వాన్సులో పట్టుకుని లెక్క చూస్తారు. ఆ లెక్క మేస్త్రీ పుస్తకంలో ఉంటుంది. భార్య కూలీ కూడా చాలాసార్లు భర్త పేరు కిందే పడుతుంది. ఇంత చెప్పినా ఆ గడి ఖాళీగా వదలకూడదు కాబట్టి విద్యార్థి ఏదో ఒక అంకె వేసుకుంటాడు. రేపు అందరి అంకెలూ కలిపి సగటు ఆదాయమని అచ్చువేస్తారు. ఆ పిల్లల తప్పేం లేదు. ఆఫీసులో నెలనెలా జీతం తీసుకునే మనిషిని మనసులో పెట్టుకుని ప్రశ్నలు రాసినవాళ్ళది తప్పు.

జనగణనలోనూ ఇలాంటి చిక్కు ఉంది. ఊరు మారిన కారణం అడుగుతారు. పని, వ్యాపారం, చదువు, పెళ్ళి, కుటుంబంతో పాటు రావడం, ఇలా కొన్ని జవాబులుంటాయి. అందులో ఒక్కటే రాసుకుంటారు. ఇటుకలు మోసే ఆడమనిషి 'మా ఆయనతో వచ్చాను' అంటుంది. అంతే, ఆమె పనికోసం వచ్చినవాళ్ళ లెక్కలోంచి జారిపోతుంది. పొద్దున ఏడింటికల్లా నెత్తిన బొచ్చె పెట్టుకుని నిచ్చెన ఎక్కే మనిషి ఈ నగర ఆర్థిక వ్యవస్థలో భార్యగా మాత్రమే మిగులుతుంది. నన్ను ఎక్కువగా కష్టపెట్టేది ఇదే.

ఆడవాళ్ళ పనిని సరిగ్గా చదవకపోతే ఏమవుతుందో 2016 ఏప్రిల్‌లో ఈ ఊరే చూసింది. పీఎఫ్‌లో యజమాని వాటాను 58 ఏళ్ళు వచ్చేదాకా తీసుకోకూడదని కేంద్రం నిబంధన తెచ్చింది. గార్మెంట్ ఫ్యాక్టరీల ఆడవాళ్ళు వేలాదిగా హోసూరు రోడ్డు మీదికి, తుమకూరు రోడ్డు మీదికి వచ్చారు. నగరం స్తంభించింది. రెండు రోజుల్లోనే కేంద్రం నిబంధనను వెనక్కి తీసుకుంది. మిషన్ల మీద కూర్చునే ఆ పనిలో 58 ఏళ్ళ దాకా ఉండేదెవరు? పిల్లల ఫీజుకీ, అప్పు తీర్చడానికీ, పని మానేసినప్పుడు చేతికొచ్చే ఆ పీఎఫ్ డబ్బే వాళ్ళకు దిక్కు. ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గర అడిగినా చెప్పేవాళ్ళు. ఆ నిబంధన రాసేముందు అడగాల్సింది.

2020 లాక్‌డౌన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మే మొదటి వారంలో కర్ణాటక ప్రభుత్వం బిల్డర్లతో సమావేశమయ్యాక కూలీల రైళ్ళు ఆపమంది, విమర్శలు వచ్చాక మళ్ళీ నడపమంది. దారిలో చనిపోయిన వలస కార్మికుల లెక్క తమ దగ్గర లేదని ఆ సెప్టెంబరులో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది.

చైనాలో షెన్‌జెన్ సంగతి చూడండి. 2020 జనగణనలో ఆ నగర జనాభా 1 కోటి 75 లక్షలకు పైగా తేలింది. అందులో మూడింట రెండొంతులకు మించి బయటి ఊళ్ళ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళే. హుకౌ అనే ఆ రిజిస్ట్రేషన్ పద్ధతి వల్ల వలస వచ్చినవాళ్ళ పిల్లలకు బడి సీటు దగ్గర్నుంచి ఇబ్బందే. అలాంటి పద్ధతి మనకు అక్కర్లేదు. ఎక్కడికైనా వెళ్ళి బతికే హక్కు మన రాజ్యాంగం ఇచ్చింది. కానీ వలస వచ్చినవాళ్ళను విడిగా లెక్కపెట్టి ప్రకటించే అలవాటు వాళ్ళ దగ్గర నేర్చుకోదగ్గదే. అంకె బయట ఉంటే కదా బడులు ఎందుకు చాల్లేదని ఎవరైనా అడగగలిగేది!

సర్వే చేయకుండా ప్లాన్ వేయకూడదని పట్టుబట్టిన స్కాట్లాండ్ నగర ప్రణాళికా నిపుణుడు పాట్రిక్ గెడ్డెస్ 1914లోనే మన దేశానికి వచ్చి ఎన్నో ఊళ్ళ వీధుల్లో కాలినడకన తిరిగారు. 1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర శాఖ ఆయనతోనే మొదలైంది. బెంగళూరులో ఆర్థికవేత్త వి.కె.ఆర్.వి. రావు 1972లో స్థాపించిన ఐసెక్ అనే ఆర్థిక, సామాజిక పరిశోధన సంస్థ ఉంది. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. ఈ రెండూ కలిసి ఒకే కుటుంబాన్ని రెండు చోట్లా చదివితే ఎంత బాగుంటుంది! ఊళ్ళో అప్పు ఎంత, ఎవరి దగ్గర, బెంగళూరు డబ్బు బోరుకు పోయిందా, ఇంటికి పోయిందా, ఆసుపత్రికి పోయిందా, ముసలివాళ్ళ దగ్గర వదిలొచ్చిన పిల్లలు బడికి వెళ్తున్నారా అన్నవి అక్కడ అడగాలి. కూలీ ఎంత, నీళ్ళు ఎక్కడివి, సెస్సు సాయం అందిందా అన్నవి ఇక్కడ. నిర్మాణ ఖర్చు మీద ఒక శాతం సెస్సు కార్మికుల సంక్షేమానికే వసూలు చేస్తున్నారు. దాని లబ్ధి పొందాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపించాలి. ముగ్గురు మేస్త్రీల కింద, మూడు సైట్లలో చేసినవాడికి ఆ కాగితం ఎవరిస్తారో కూడా ఆ పరిశోధనలోనే తేలాలి. ఫలితాలు తెలుగులో, కన్నడలో అచ్చువేసి ఆ షెడ్లకూ ఆ పంచాయతీలకూ పంపాలి.

జనగణన జరగాల్సిన ఫిబ్రవరిలో మన వైపు కూలీలు ఎక్కువగా బెంగళూరులోనే ఉంటారు. కాబట్టి షెడ్లున్న వార్డులకు తెలుగు వచ్చిన ఎన్యూమరేటర్లను, అంటే లెక్క రాసుకునే సిబ్బందిని, వేయాలి. పొద్దున షెడ్లలో ఎవరూ ఉండరు గనుక సాయంత్రం ఏడు తర్వాత వెళ్ళాలి. ఆడవాళ్ళను 'మీరేం పని చేస్తారు?' అని విడిగా అడగాలి. ఊళ్ళో ఉన్న ముసలివాళ్ళు వీళ్ళ పేర్లు అక్కడ రాయించేస్తే ఇక్కడ తప్పిపోకుండా చూడాలి. దీనికి ఏర్పాట్లేమిటో ఐదు కార్పొరేషన్ల కమిషనర్లనూ, కర్ణాటక జనగణన డైరెక్టరేట్‌నూ మీ బెంగళూరు విలేకరులు ఇప్పుడే అడిగి, వాళ్ళిచ్చే జవాబును ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కృష్ణరాజపురం, బెంగళూరు