గుమ్మడికాయల దొంగ అంటే అందరి గీతా లేస్తుంది

ఎడిటర్ గారికి,

మొన్న మీ పేపర్లో పాలిగ్రాఫ్ పరీక్ష వార్త పక్కన ఓ గ్రాఫ్ వేసి, గీత లేచిన చోట ఎర్ర బాణం పెట్టి, అబద్ధం అక్కడే దొరికిపోయిందని రాశారు. ఆ బాణం చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఎందుకంటే మా ల్యాబ్‌లో పీజీ పిల్లలకు నేను నేర్పేది సరిగ్గా ఆ గీతని చదవడమే.

పాలిగ్రాఫ్‌లో ఊపిరి, రక్తపోటు కూడా చూస్తారు గానీ, మీరు వేసిన గీత మాత్రం చర్మానిది. అంటే చెమటది. అరచేతి చెమట ఎండకన్నా టెన్షన్‌కే తొందరగా స్పందిస్తుంది, ముచ్చెమటలు పట్టాయని మనవాళ్లు అనడం ఊరికే కాదు. రెండు వేళ్లకు ఎలక్ట్రోడ్లు పెట్టి అర వోల్టు ఇస్తే (తెలియను కూడా తెలియదు), చెమట పెరిగేకొద్దీ కరెంటు తేలిగ్గా పోతుంది. దాన్ని మైక్రోసీమెన్స్‌లో కొలుస్తారు. ఊరికే కూర్చున్నా ఒకరికి 2 ఉంటుంది, పక్కాయనకి 15 ఉంటుంది, అంతమాత్రాన పక్కాయన దొంగ కాదు కదా!

ప్రశ్న అడిగిన వెంటనే గీత లేవదు, 1 నుంచి 3 సెకన్లు పడుతుంది. ఆలోపు దగ్గినా, గట్టిగా ఊపిరి పీల్చినా, ఎవరో తలుపు వేసినా లేస్తుంది. ఓసారి ఒక అమ్మాయి రికార్డింగ్‌లో పెద్ద శిఖరం కనిపిస్తే, ఏ ఫొటో చూసి అంత కదిలిపోయిందోనని అందరం తెగ మురిసిపోయాం, తీరా వీడియో వెనక్కి తిప్పి చూస్తే పాపం తుమ్మింది.

ఇక సాఫ్ట్‌వేర్. అదే అన్నీ తేల్చేస్తుందనుకుంటారు. గీత కనీసం ఎంత లేస్తే లెక్కలోకి తీసుకోవాలో దానికి చెప్పాల్సింది మనమే. కొందరు 0.01 పెడతారు, కొందరు 0.05. ఫైలు అదే, మనిషీ అదే, కానీ ఈ అంకె మారిస్తే శిఖరాల సంఖ్య మారిపోతుంది. నెమ్మదిగా పైకీ కిందికీ జరిగే అడుగు గీతని వేరు చేయడానికి ఏ ఫిల్టర్ వాడామన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. అందుకే మా పిల్లలు సెట్టింగులు రాయకుండా గ్రాఫ్ ఇస్తే నేను తీసుకోను, మీరేమో సెట్టింగుల మాట దేవుడెరుగు, అడుగున సెకన్ల స్కేలు కూడా లేకుండా అచ్చేశారు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే దొంగే భుజాలు తడుముకుంటాడంటారు. మా మెషీన్ దగ్గర మాత్రం అందరూ తడుముకుంటారు, ఏ పాపం ఎరగనివాడు కూడా.

సెల్వి కేసులో 2010 మే 5న సుప్రీంకోర్టు కూడా మనిషి ఒప్పుకోకుండా ఈ పరీక్షలు చేయకూడదంది, ఒప్పుకుని చేయించుకున్నా ఆ ఫలితాలే సాక్ష్యంగా చెల్లవంది. కోర్టులో చెల్లని గీత మీ మొదటి పేజీలో ఎలా చెల్లింది?

మీ రిపోర్టర్ని ఒకసారి మా ల్యాబ్‌కి పంపండి, వేళ్లకు ఎలక్ట్రోడ్లు పెట్టి ఆయన పేరే అడుగుతాను. ఆ గ్రాఫ్ కూడా వేయండి, బాణం లేకుండా.

ఇట్లు,
ఓ సైకాలజీ ల్యాబ్ ట్యూటర్, విశాఖపట్నం