కారులో ఆయిల్ వాసన: బావకో ఉత్తరం

విజయవాడ
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నిన్న నీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్రపట్టలేదు. కారులో ఆయిల్ వాసన వస్తోందనీ, పాప కారెక్కిన అరగంటకే వాంతి చేసుకుంటోందనీ, చెల్లెమ్మ తల పట్టుకుని కూర్చుంటోందనీ చెప్పి, చివర్లో "పిల్లలకి కారు ప్రయాణం పడదు కదరా, పెర్ఫ్యూమ్ మార్చి చూస్తా" అన్నావు. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. మూడేళ్ళ కిందట అమ్మ విషయంలో నేనూ అచ్చం అలాగే అనుకున్నాను. ఫోన్లో అయితే సగం చెప్పి సగం మర్చిపోతాను, అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఓపిగ్గా చదువు.

నాన్న మారుతి ఎస్టీమ్ కారు నీకు గుర్తుందిగా, 2004 మోడలు, 1298 సీసీ ఇంజను. నాన్న పోయాక దాన్ని అమ్మలేక, మనం కాలేజీలో కలలుగన్నట్టు తయారు చేయిద్దామని ఆటోనగర్లో ఒక షెడ్డులో ఇచ్చాను. కోన్ ఫిల్టరు పెట్టారు, ఫ్రీ ఫ్లో సైలెన్సరు పెట్టారు, వేడి బయటికి పోతుందని బానెట్ కీళ్ళ కింద వాషర్లేసి వెనకంచు కాస్త లేపారు. ఇంజను నెత్తినుండే ట్యాపెట్ కవర్ మీంచి లోపలి ఆవిరి కోసం వచ్చే బ్రీదర్ పైపు పీకేసి, దాని మూతికి గుప్పెడంత ఫిల్టరు తగిలించారు. సిలిండర్లకి గాలి పంచే గొట్టం, అదే మానిఫోల్డు, దాని వైపు రంధ్రానికి రబ్బరు మూత కొట్టారు. ఆయిల్ ఆవిరి మళ్ళీ ఇంజన్లోకి పోకపోతే పికప్ బాగుంటుందన్నారు. నేను నమ్మాను.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం అమ్మని తెనాలిలో పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి. దిగేసరికి అమ్మకి తలనొప్పి, కడుపులో తిప్పడం. శుక్రవారం ఉపవాసం కదా, అందువల్లే అనుకున్నాం ఇద్దరమూ. ఒక శుక్రవారం నాకు కుదరక రైల్లో వెళ్ళొచ్చింది. అదే ఉపవాసం, అదే ఎండ. సాయంత్రం వచ్చి హాయిగా వంట చేసుకుంది. "ఇవాళ తల నొయ్యలేదురా" అని మామూలుగా అన్నదే గానీ, నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. ఆ రాత్రే బానెట్ ఎత్తాను.

అసలు సంగతి ఏమిటంటే, సిలిండర్లో ఆడే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఎంత కొత్తవైనా గ్యాసుని పూర్తిగా ఆపలేవు. మంట మండిన ప్రతిసారీ కొంచెం గ్యాసు రింగుల సందుల్లోంచి కిందికి, పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంక్, ఉన్న గదిలోకి జారుతుంది. మన ఆటోనగర్ మేస్త్రీలు బ్యాక్ కంప్రెషన్ అంటారే, అదే. అందులో కాలని పెట్రోలు ఆవిరి, నీటి ఆవిరి, ఆయిల్ తుంపర, కాస్త కార్బన్ మోనాక్సైడు, అన్నీ ఉంటాయి. అది బయటికి పోవడానికి దారి ఇవ్వకపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఏ సీలు మెత్తగా ఉంటే దాన్ని తోసుకుని ఆయిల్‌తో సహా బయటపడుతుంది.

పాత బళ్ళలో దీనికో పైపు పెట్టి రోడ్డు వైపు వదిలేసేవాళ్ళు. చిన్నప్పుడు లారీల కింద చూశాంగా, పొగ కక్కుతూ ఆయిల్ చుక్కలు రాల్చే పైపు. లాస్ ఏంజిలెస్ మీద పొగమంచు కమ్ముకోవడంలో ఈ ఆవిరికీ పెద్ద వాటా ఉందని తేలాక, 1961లో కాలిఫోర్నియాలో అమ్మే కొత్త కార్లకీ, 1963 మోడళ్ళ నుంచి అమెరికా అంతటా ఆ ఆవిరిని మళ్ళీ ఇంజనే పీల్చుకుని కాల్చేసే ఏర్పాటు వచ్చింది. పీసీవీ వాల్వు అదే. ఎదురెదురుగా రెండు కిటికీలున్న గది అనుకో. ఒక పైపులోంచి ఫిల్టర్ దాటిన మంచిగాలి లోపలికి వస్తుంది, రెండో వైపు మానిఫోల్డు పీలుపు ఆ మురికిగాలిని లాగేస్తుంది. నా కారుకి ఒక కిటికీ మూసేసి, రెండోది వంటింట్లోకి తెరిచినట్టు చేశారు. పీల్చే దిక్కు లేదు. ఆవిరంతా బానెట్ కింద కమ్ముకుంటుంది.

బానెట్ కింద కమ్మితే లోపలికెలా వస్తుందంటావా? అద్దం కింద వైపర్ల దగ్గర జాలీ ఉంటుంది చూడు, ఏసీకి బయటిగాలి అక్కణ్ణించే వస్తుంది. కారు నడుస్తున్నప్పుడు గాలి అద్దానికి కొట్టుకుని అక్కడ ఒత్తిడి ఎక్కువుంటుంది కాబట్టి గాలి దానంతటదే లోపలికి పోతుందని అక్కడ పెడతారు. ఇంజను గదిలో గాలి ఆ జాలీ వైపు రాకుండా బానెట్ వెనకంచున ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. వాషర్లేసి బానెట్ లేపితే ఆ పట్టీ ఆనదు. సిగ్నల్ దగ్గర ఆగామా, వేడిగాలి నేరుగా పైకి లేచి జాలీలోకి. బండి వేగంగా పోతుంటే వేడి బయటికి పోదు సరికదా, అద్దం దగ్గరి గాలే బానెట్ కిందికి దూరుతుంది. చల్లదనం కోసమని చేసిన ఆ పని రెండు విధాలా తప్పే.

నీది ఇంజన్లోకి గాలిని ఒత్తి నింపే టర్బో ఉన్న బండి కాబట్టి నీకు ఇంకో చిక్కుంది, ఇక్కడ జాగ్రత్తగా చదువు. మామూలు ఇంజన్లో మానిఫోల్డులో ఎప్పుడూ ఎంతో కొంత పీలుపే ఉంటుంది. నువ్వు యాక్సిలరేటర్ తొక్కి టర్బో ఊదగానే అక్కడ పీలుపు పోయి ఒత్తిడి వస్తుంది. అప్పుడు ఆ దారిలో ఉన్న, ఒకవైపుకే గాలి వదిలే చెక్ వాల్వు మూసుకోవాలి, ఆవిరి రెండో పైపు పట్టుకుని టర్బో మూతి ముందుకి, అంటే ఫిల్టరుకీ టర్బోకీ మధ్య పీలుపున్న చోటికి పోవాలి. ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి రీమ్యాప్ చేయించాక సిలిండర్లో ఒత్తిడి పెరిగింది, కిందికి జారే గ్యాసూ పెరిగింది. సరిగ్గా అప్పుడే నీకు ఆ రెండు పైపులూ పీకి, ఆయిల్ తుంపర పట్టే డబ్బాకి, అదే క్యాచ్ క్యాన్‌కి తగిలించి, క్యాన్ నెత్తిన ఫిల్టరు పెట్టి గాలికొదిలేశారు. నువ్వు పంపిన ఫోటో చూశాను. ఆ క్యాన్ అద్దం జాలీకి జానెడు దూరంలో ఉందిరా.

ఇంకోటి. బండి స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తోందనీ, టర్బో పోయిందంటున్నారనీ అన్నావు. కొనకు, ఆగు. టర్బోలోంచి ఆయిల్ కిందికి దిగేది తన బరువుతోనే. కింద క్రాంక్ గదిలో ఒత్తిడి ఉంటే అది దిగలేక వెనక్కి తన్ని, సీళ్ళు దాటి పొగవుతుంది. ముందు ఆ ఒత్తిడి తగ్గించి చూడాలి. టర్బో మంచిదే అయ్యుండొచ్చు.

ఏదైనా కొనేముందు నువ్వే చేసుకోగలిగిన పరీక్షలున్నాయి. ఏసీ మీట బయటిగాలి వైపు పెట్టి ఇంటి ముందు పదినిమిషాలు ఆడించు, వాసన వస్తే లోపలిగాలి వైపు తిప్పు. తగ్గితే జాలీ దారి. తగ్గకపోతే ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య రేకులో ఎక్కడో సందుంది. హైవే మీద అద్దాలు దించితేనే వస్తుంటే మాత్రం అది వెనక సైలెన్సర్ పొగ. నడిచే కారు వెనక గాలి పీలుపు ఏర్పడి పొగని తిరిగి కారు వైపే లాగుతుంది, డిక్కీ రబ్బరు చిరిగితే అందులోంచి లోపలికొస్తుంది. రేకు సందు కోసం రాత్రిపూట ఇంజన్ ఆపి, డ్యాష్‌బోర్డు కింద కాళ్ళ దగ్గర సెల్‌ఫోన్ లైటు పెట్టి, బానెట్ ఎత్తి చీకట్లో చూడు. నాకు చుక్కలా వెలుగు కనిపించింది. ఇంజన్ వేగం చూపే టాకోమీటరు వైరు కోసం రంధ్రం చేసి, రబ్బరు బుష్ వేయకుండా వదిలేశారు. ఎవరైనా అగరుబత్తి వెలిగించి చూడమంటే బానెట్ కింద మాత్రం వద్దు. పెట్రోలు ఆవిరున్న చోట నిప్పు పెట్టకూడదు.

తర్వాత ఇంజను నిదానంగా ఆడుతుండగా ఆయిల్ పోసే మూత తీసి, ఒక పల్చటి కాగితం ఆ రంధ్రం మీద పెట్టు. లోపలికి లాగి అతుక్కుంటే పీలుపు బాగున్నట్టు. ఎగరగొడితే ఒత్తిడి ఉన్నట్టు. నాది ఎగరగొట్టింది. సిలిండర్లు ఒత్తిడి ఎంత నిలుపుతున్నాయో కొలిచే కంప్రెషన్ పరీక్ష కూడా పెట్టించు. నాకు నాలుగు సిలిండర్లలో మూడు 170 పీఎస్ఐ దగ్గర చూపించాయి, మూడో నంబరుది ఒక్కటే 140. మేస్త్రీ అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొడితే 160 దాటింది. ఆయిల్ పోస్తే పెరిగిందంటే రింగుల లోపం, పెరగకపోతే వాల్వులది. రింగులు బాగా అరిగిపోతే ఎన్ని పైపులు మార్చినా ఆవిరి ఆగదు, ఇంజన్ దింపాల్సిందే. నాది అంతదాకా రాలేదు.

నేను చేసింది చెబుతాను. కొత్త పీసీవీ వాల్వు వేశాను. చెవి దగ్గర పెట్టి ఊపితే టిక్కు టిక్కుమనాలి, అనకపోతే లోపల బంకపట్టినట్టు. మానిఫోల్డు రంధ్రానికి కొట్టిన మూత పీకేశాం. బ్రీదర్ పైపుని మళ్ళీ ఫిల్టరుకీ, గాలిని తగ్గించి పెంచే థ్రోటిల్‌కీ మధ్య గొట్టంలో కలిపాం. పైపు ఆయిల్‌కి తట్టుకునే రబ్బరుదే కావాలి బావా, నీళ్ళ పైపు వేస్తే కొన్నాళ్ళకే మెత్తబడి పీలుపుకి నొక్కుకుపోతుంది. క్యాచ్ క్యాన్ తీసేయలేదు, కానీ నెత్తిన ఫిల్టరు లేనిది, నాలుగువైపులా మూసినది, వాల్వుకీ మానిఫోల్డుకీ మధ్యలో పెట్టాం. లోపల స్టీలు పీచు, దానికి తగిలి ఆయిల్ తుంపర కింద చేరుతుంది. ఆవిరి మాత్రం ఇంజన్లోకే పోయి కాలిపోతుంది. డిసెంబరులో మొదటిసారి విప్పితే కాఫీ రంగు నురుగు. అది చలికి చేరిన నీరే, కంగారుపడకు. నెలకోసారి ఖాళీ చేసి పాత ఆయిల్ కొనేవాళ్ళకిచ్చెయ్, కాలవలో పొయ్యకు. వాషర్లు తీసేసి బానెట్ దించాను, వెనకంచున కొత్త రబ్బరు పట్టీ వేశాను. ట్యాపెట్ కవర్ ప్యాకింగు కూడా మార్చాం. ఆ ఒత్తిడికి అదీ చెమర్చి, ఇంజన్ పొగని సైలెన్సరుకి చేర్చే సైలెన్సరు మానిఫోల్డు మీద చుక్కలు రాలి కమురు వాసన కలిసేది.

నీకైతే ఆ రెండు పైపులూ వాటి వాటి చోట్లకి చేరాలి, చెక్ వాల్వులు ఏ దిక్కుకి పనిచేస్తున్నాయో నోటితో ఊది చూసుకోవాలి. కొందరు ఆ పైపుని కారు కిందికి, వెనకవైపుకి వదిలేయమంటారు. వద్దు. అది మళ్ళీ ఆ పాత లారీ పద్ధతే. రోడ్డు మీద ఆయిల్ చుక్క పడితే వెనక బైకు మీద వచ్చేవాడి బతుకేం కాను?

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందిగా అన్నావు. అక్కడ సైలెన్సర్ మూతిలో పెట్టి చూస్తారు, బానెట్ కింద ఏం కక్కుతోందో వాళ్ళ మిషనుకి తెలీదు.

ఇప్పుడు నా భయం చెబుతాను. ఆయిల్ వాసన అయినా తెలుస్తోంది. కార్బన్ మోనాక్సైడుకి వాసన లేదు, రంగు లేదు. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తంలోని హీమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి, మత్తు, బయటి గాలిలోకి రాగానే తేరుకోవడం, ఇవే దాని గుర్తులు. పాప కారు దిగాక పావుగంటలో ఆడుకుంటోందన్నావు చూడు, అదే నన్ను నిద్రపోనివ్వలేదు. సైలెన్సరు మానిఫోల్డు జాయింటులో చిన్న లీకున్నా ఆ పొగా ఇదే దారిలో లోపలికొస్తుంది, ఆయిల్ వాసన చాటున దాక్కుంటుంది. పెర్ఫ్యూమ్ పెడితే ఉన్న ఒక్క హెచ్చరికా పోతుంది. బొగ్గు ఉన్న క్యాబిన్ ఫిల్టరు వాసనని పట్టుకుంటుంది గానీ ఈ గ్యాసుని ఆపలేదు.

అంకెలు చూపించే మీటరు ఒకటి కొను. ఇళ్ళకి అమ్మే అలారం చాలదు. అమెరికా ప్రమాణం ప్రకారం చేసినవి 70 పీపీఎం (గాలిలో పదిలక్షల పాళ్ళకి 70 పాళ్ళు) దగ్గర గంట నుంచి నాలుగు గంటల మధ్య ఎప్పుడో మోగుతాయి. అక్కడే పెద్దవాళ్ళైన కార్మికులకి 8 గంటల సగటుగా సిఫారసు చేసిన హద్దు 35. అలారం మోగేలోపు నువ్వు ఇక్కడికొచ్చే దారిలో సూర్యాపేట దాటేస్తావు. నా కారులో ఇప్పుడు సిగ్నల్ దగ్గర కూడా సున్నా, ట్రాఫిక్‌లో ఒకటీ రెండూ. అమ్మ మళ్ళీ నాతోనే తెనాలి వస్తోంది.

ఆ బండి నీకెంత ఇష్టమో నాకు తెలుసు, జీతంలో దాచి దాచి ఒక్కో పార్టూ వేయించావు. దాన్ని మళ్ళీ కంపెనీ బండిలా చేయమనట్లేదు. శనివారం తెల్లవారుజామున అద్దాలు దించుకుని నువ్వొక్కడివే నడుపుకుంటూ రా, తల బరువెక్కినట్టుంటే అక్కడే పక్కకి ఆపి దిగిపో. చెల్లెమ్మనీ పాపనీ బస్సెక్కించు. పండిట్ నెహ్రూ బస్టాండుకి నేనే వచ్చి తీసుకెళ్తాను. మీటరు నా దగ్గరుంది, పైపు రెండు మీటర్లు, క్లిప్పులు తెచ్చి పెట్టాను. కంప్రెషన్ పెట్టే మేస్త్రీకి పొద్దున తొమ్మిదికి చెప్పాను. అమ్మ పాప కోసం అరిసెలు వండుతానంటోంది.

బస్సు టిక్కెట్లు బుక్ చేశాక నాకో మెసేజ్ పెట్టు.

నీ బావ