ప్రొబేషన్‌ను కాంట్రాక్టుకు ఇవ్వొద్దు

సంపాదకుల వారికి,

ఆఫీసుల పనంతా ఏజెన్సీలకు ఇస్తున్నారు కదా, ప్రొబేషన్ కూడా ఇచ్చేస్తే పోలా అని మొన్న టీకొట్టు దగ్గర ఒకాయన అన్నాడు. ప్రొబేషనంటే నేరం రుజువైనా జైలు బయట ఉన్నవాళ్లను ఆఫీసర్లు కనిపెట్టుకుని ఉండే పని. ఇంగ్లండ్, వేల్స్‌లో అది జరిగిపోయింది. 2014లో న్యాయశాఖ మంత్రి క్రిస్ గ్రేలింగ్ ప్రొబేషన్ సర్వీసును రెండు ముక్కలు చేశారు. ప్రమాదం ఎక్కువనుకున్న నేరస్తులు ప్రభుత్వం దగ్గరే ఉండిపోయారు. తక్కిన వాళ్లు 21 సంస్థల పాలయ్యారు. వాళ్లు మళ్లీ నేరం చేయకపోతే సంస్థలకు అదనంగా డబ్బు, అదీ లెక్క. అనుకున్న ఆదాయం రాక సంస్థలు సిబ్బందిని తగ్గించాయి. కొన్నిచోట్ల పర్యవేక్షణంటే ఫోన్ కాలే. 2021 జూన్‌లో ప్రభుత్వం మొత్తం వెనక్కి తీసుకుంది.

కడపలో నాకు వెల్డింగ్ షెడ్డుంది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద, మంచిగా ఉంటానని బాండు రాయించుకుని కోర్టు వదిలిన కుర్రాడొకడు నా దగ్గర పనిచేశాడు. ప్రొబేషన్ ఆఫీసరు చెప్పాపెట్టకుండా వచ్చేవారు. వాడి పని చూసి, జీతమెంత ఇస్తున్నావని నన్నే నిలదీసేవారు (నాకు ఒళ్లు మండేది, అది వేరే సంగతి). ఇంటికెళ్లి వాళ్లమ్మతో మాట్లాడేవారు. పాత జత మళ్లీ చేరుతోందా అని ఆరా తీసేవారు. అదే ఫోన్లో అడిగుంటే మావాడు ఎక్కడున్నా ‘బాగున్నా సార్’ అనేవాడే.

ఆఫీసర్లకు తిరగడానికి బండి, సరిపడా సిబ్బంది ఇవ్వండి. ఏజెన్సీల ఆలోచన ఎవరికైనా ఉంటే ముందు ఇంగ్లండ్ ఫైళ్లు తెప్పించుకుని చదవమనండి.

- వెల్డింగ్ షెడ్డు యజమాని, కడప