సుబ్బు మౌత్ ఆర్గాన్ జాగ్రత్త

హ్యూస్టన్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ ప్రసాదూ,

నువ్వు ఓడ దిగి ఇంటికి చేరావని సుబ్బు మెసేజ్ పెట్టాడు. మెసేజ్ అంటే ఏముందిలే, రెండే ముక్కలు: "వాడొచ్చాడు. మౌత్ ఆర్గాన్ సంగతి ఎత్తట్లేదు." వాడి దగ్గర నువ్వు అరువు పుచ్చుకుని ఓడకి పట్టుకెళ్లిన దాని సంగతే. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఫోన్లో నువ్వు ఆఁ, ఊఁ తప్ప ఇంకేమీ అనవు. ఎలాగూ వాగేది నేనే కాబట్టి ఆ వాగుడేదో కాగితం మీదే కానిస్తున్నా. తీరిగ్గా చదువుకో. చెల్లెమ్మ పెసరట్లు వేస్తుంటే అక్కడే పీట వేసుకుని చదువు, నాకు కడుపు మండినా పర్లేదు.

సుబ్బు మెసేజ్ చూసి నవ్వొచ్చింది. ఎందుకంటే నిన్న శనివారం మా కాఫీ షాపు బ్యాచ్‌లో సరిగ్గా ఇలాంటి కథే నడిచింది. నీకు చెప్పాను కదా, ఇక్కడ క్లియర్ లేక్ వైపు మేం ఏడెనిమిది మందిమి పోగై ఐరిష్ పాటలు వాయిస్తుంటామని. ఇద్దరు ఫిడేలు, ఒకాయన గిటారు, ఒక పెద్దావిడ టిన్ విజిల్, నేను నా వెదురు వేణువు. టిన్ విజిల్ అంటే మన తీర్థాల్లో అమ్మే పీపీకి పెద్దక్క లాంటిది. రేకు గొట్టం, ఆరు రంధ్రాలు, ఊదడానికి ముక్కు. చూస్తే బొమ్మలా ఉంటుంది, సరైన చేతిలో పడితే ఒళ్లు ఝల్లుమంటుంది. ఒక్కళ్లూ ప్రొఫెషనల్ కాదు. కానీ నాసా వాళ్ల జాన్సన్ స్పేస్ సెంటర్ పక్కనే కావడంతో, ఈ చుట్టుపక్కల పాల ప్యాకెట్టు కొనే లైన్లో నీ ముందు నిలబడ్డాయన ఏ రాకెట్టుకి నట్లు బిగించాడో చెప్పలేం.

ఆ విజిల్ పెద్దావిడ నిన్న కేడీ కోల్మన్ ముచ్చట తీసింది. కోల్మన్ నాసా మాజీ వ్యోమగామి, ఫ్లూటు వాయిస్తుంది. వృత్తి కాదు, మనలాగే సరదా. 2010 డిసెంబరులో అంతరిక్ష కేంద్రానికి వెళ్తూ నాలుగు వాయిద్యాలు తీసుకెళ్లింది. ఒకటి సొంత ఫ్లూటు. మిగతా మూడూ అరువు! జెత్రో టల్ బ్యాండు ఇయాన్ ఆండర్సన్ ఫ్లూటు ఒకటి, ఐర్లండు చీఫ్టన్స్ బృందంలో ప్యాడీ మొలోనీ టిన్ విజిల్ ఒకటి, అదే బృందంలో మాట్ మొలాయ్ గారి నూరేళ్ల నాటి ఫ్లూటు ఒకటి.

నూరేళ్ల నాటి ఫ్లూటు రా! దాన్ని రాకెట్టులో పెట్టి పంపాడు మహానుభావుడు. నేనైతే నా వేణువుని పక్కింటి పిల్లాడు ముట్టుకుంటేనే గుడ్లురుముతాను. పోయిన చలికాలం హీటర్ గాలికి దానికి నిలువునా సన్న పగులొచ్చింది. లోపల ఆవనూనె పట్టించి, పైన దారం చుట్టి, దారం మీద గమ్ పూసి, వారం రోజులు బాలింతని చూసుకున్నట్టు చూసుకున్నాను. ఇప్పటికీ మూడో వేలు దగ్గర ఆ దారం గరుకు తగులుతుంటే ప్రాణం చివుక్కుమంటుంది.

కోల్మన్ అంతరిక్షంలో 159 రోజులుంది. మార్చి 17న, సెయింట్ ప్యాట్రిక్స్ డే నాడు, ఆ ఐరిష్ ఫ్లూటూ విజిలూ వాయించింది. ఏప్రిల్ 12కి గగారిన్ అంతరిక్షంలోకి వెళ్లి సరిగ్గా 50 ఏళ్లు. ఆ సందర్భానికి పైన ఆవిడ, కింద రష్యాలోని పెర్మ్ ఊళ్లో పర్యటనలో ఉన్న ఆండర్సన్ కలిసి బాఖ్ రచన ఒకటి వాయించారు. ఎవరి భాగం వాళ్లు విడిగా రికార్డు చేస్తే తర్వాత కలిపారులే. అయినా సరే, ఒకే పాటలో ఒకడు నేల మీద, ఇంకొకరు తలపైన అన్ని వందల కిలోమీటర్ల ఎత్తున. మన సూర్యకళా మందిరంలో ఒకే స్టేజి మీద కూర్చుని కూడా నువ్వూ సుబ్బూ తాళం కలపలేకపోయారు, గుర్తుందా?

అంతరిక్షంలో వాయించడం ఎలా ఉంటుందని అడిగితే మా విజిలావిడ మహా ఉత్సాహంగా చెప్పింది. కాళ్లు ఏదో ఒక కమ్మీకి తగిలించుకోకపోతే మనిషి తేలిపోతూ వెళ్లి గోడకి తగులుతుందట. ఒంట్లో నీరంతా పైకి ఎక్కి మొహం ఉబ్బుతుంది, ముక్కు దిబ్బడ వేసినట్టుంటుంది. జలుబుతో ఫ్లూటు ఊదినట్టే అన్నమాట. మనం ఊదితే లోపల చేరే తడి చుక్క చుక్కగా కిందికి కారిపోతుంది కదా, అక్కడ కారడానికి కింద అనేదే లేదు. ఇక రాత్రీ పగలూ గాలి తిప్పే ఫ్యాన్ల రొద.

ఫ్యాన్ల రొద అనగానే నాకు నువ్వే గుర్తొచ్చావు. నీ మొదటి కాంట్రాక్ట్ అయి వచ్చిన రోజు మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు. జగన్నాథపురంలో మీ మేడ మీద ముగ్గురం చేరాం. నువ్వు మౌత్ ఆర్గాన్ నోట్లో పెట్టుకుని, రెండు ముక్కలు వాయించి ఆపేశావు. మళ్లీ మొదలెట్టావు, మళ్లీ ఆపావు. ఏమైందిరా అంటే "శ్రుతి లేదు" అన్నావు. తొమ్మిది నెలలు ఇంజిన్ రూమ్ రొదనే శ్రుతిగా పెట్టుకుని వాయించావట, ఇంటికొస్తే అది లేక పాట బోసిపోయిందట. సుబ్బు ఒక్క క్షణం ఆలోచించి, చకచకా మెట్లు దిగి వెళ్లి నీళ్ల మోటారు స్విచ్ వేసొచ్చాడు. అది గూఁ అంటుంటే నీ మొహం వెలిగిపోయింది చూడూ! అరగంట వాయించావు. ట్యాంకు నిండి, పొంగి, మీ అమ్మ ఆరబెట్టుకున్న వడియాలన్నీ తడిసి, ఆవిడ పైకొచ్చి ముగ్గుర్నీ కలిపి తిట్టిన తిట్లు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. ఆ రోజు మీ వీధిలో వాళ్లు నీ మెళ్లో దండ వేశారు, సింగపూర్ నుంచి ఏం తెచ్చావని అడిగారు. శ్రుతి సంగతి సుబ్బుకి తప్ప ఎవరికీ తట్టలేదు.

నిన్న ఈ కథ మా బ్యాచ్‌కి చెప్తే పడీ పడీ నవ్వారు. గిటారాయన మాత్రం నవ్వలేదు. నాకు అర్థమైంది అన్నాడు. ఆయన చెప్పిందే క్రిస్ హాడ్‌ఫీల్డ్ సంగతి. కెనడా ఆయన, ఆయనా గిటారు మనిషే. అంతరిక్ష కేంద్రంలో చిన్న సైజు లారివే కంపెనీ గిటారు ఒకటి 2001 నుంచీ ఉంది, దాని మీదే వాయించేవాడు. చేతికి బరువు లేకపోవడంతో మెట్ల మీద వేళ్లు గురి తప్పి ముందుకు దూసుకుపోయేవట, కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చిందట. 2013 మేలో కజకిస్తాన్‌లో దిగాక ఆయన చెప్పిన మాట విను: తన పెదవుల బరువూ నాలుక బరువూ తనకే తెలిసొచ్చాయట. అయిదు నెలల్లో బరువు లేని నాలుకతో మాట్లాడడం అలవాటైపోయిందని కిందికొచ్చే దాకా గమనించలేదట.

ఈ ముక్క వినగానే విజిలావిడా నేనూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. మాట్లాడడానికే అంత ఉంటే, ఊదేవాళ్ల గతేమిటి? ఫ్లూటు అంతా పెదవి మీదే కదా నడిచేది! కోల్మన్ కూడా 2011 మే 24న అదే కజకిస్తాన్ మైదానంలో దిగింది. అక్కడ దిగినవాళ్లని క్యాప్స్యూల్ లోంచి బయటికి తీసి, కుర్చీల్లో కూర్చోబెట్టి మోసుకెళ్తారు. తల గబుక్కున తిప్పితే కళ్లు తిరుగుతాయి, కొన్ని వారాల పాటు కారు నడపనివ్వరు. విలేకరులు ఎంతసేపూ భూమి ఎలా కనిపించింది అనే అడుగుతారు. "మన దగ్గరికొస్తే మనం ముందు పెదవి ఎలా ఉందని అడుగుతాం" అంది పెద్దావిడ. "ఆ తర్వాత, నా విజిల్ ఏదీ అని" అన్నాడు గిటారాయన.

అరువు వాయిద్యాల వాళ్లు మాత్రం ఆవిణ్ణి వదల్లేదు. 2012లో వచ్చిన చీఫ్టన్స్ ఆల్బమ్‌లో ఆవిడ అంతరిక్షంలో వాయించిన ముక్కకీ చోటిచ్చారు. ఆ మరుసటి ఏడు ఫిబ్రవరిలో వాళ్లు మా హ్యూస్టన్‌లోనే కచేరీ చేస్తే, ఆవిడ వాళ్లతో స్టేజి మీద ఉంది. అప్పుడు పైనున్న హాడ్‌ఫీల్డ్ వీడియోలో గిటారు పట్టుకుని వాళ్లతో గొంతు కలిపాడు. ఈ ఇద్దరికీ కింద బండెల్లా అని ఒక చిన్న ఫోక్ బ్యాండు కూడా ఉండేది. ఒకరు పైకెళ్తే ఇంకొకరు కింద కుర్చీ కాపలా అన్నమాట.

వ్యోమగాముల్లో ఈ పిచ్చి పాతదే. 1987 నుంచీ వాళ్లకి మ్యాక్స్ క్యూ అనే రాక్ బ్యాండు ఉంది, పూర్తిగా వ్యోమగాములదే. పైకి లేచే రాకెట్టు మీద గాలి ఒత్తిడి పతాక స్థాయికి చేరే ఘడియని ఇంజినీర్లు అలా అంటారు. స్పేస్ షటిల్ లాగే మా దగ్గరా మోత బోలెడు, సంగీతం మాత్రం లేదని వాళ్ల మీద వాళ్లే జోకు వేసుకునేవారట. ఈ జోకు మనకి ముందే తట్టి ఉంటే మన బ్యాచ్‌కి వాడుకునేవాళ్లం.

ఇంకొకటి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్తున్నా. రాన్ మెక్‌నైర్ అని ఒకాయన, సాక్సఫోన్ వాయించేవాడు, 1984లో పైకి తీసుకెళ్లి వాయించాడు కూడా. 1986లో రెండోసారి వెళ్లినప్పుడు ఫ్రెంచి సంగీతకారుడు జాన్ మిషెల్ జార్ రాసిన ఒక ముక్కని కక్ష్యలోంచి వాయించాలని అనుకున్నారు. ఆయన ఎక్కింది చాలెంజర్ షటిల్. పైకి లేచిన 73 సెకన్లకే ముక్కలైపోయింది. ఏప్రిల్ 5న ఇదే హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లో జరగాల్సిన కచేరీ మానేద్దామని జార్ అనుకుంటే, తోటి వ్యోమగాములే ఆపొద్దన్నారట. ఆ ముక్కకి ఆయన పేరు పెట్టి, ఆయన వాయించాల్సింది ఇంకొకరు వాయించారు. నువ్వు అరేబియా సముద్రంలో ఉండి పదిహేను రోజులు సిగ్నల్ లేకుండా పోయావే, అప్పుడు ఈ కథే బుర్రలో తిరిగి నాకు నిద్ర పట్టలేదు. చెల్లెమ్మకి ఈ పేరా చదివి వినిపించకు.

సరే, నీకు నచ్చేది ఇప్పుడు చెప్తా. అంతరిక్షంలో మోగిన మొదటి వాయిద్యం ఏదో తెలుసా? మౌత్ ఆర్గానే! 1965 డిసెంబరు 16, జెమినీ 6. వాలీ షిరా, టామ్ స్టాఫర్డ్ అని ఇద్దరు. ఉత్తరం నుంచి దక్షిణానికి పోతున్న ఏదో వస్తువు కనబడుతోందని కింద వాళ్లకి సీరియస్‌గా రిపోర్టు ఇచ్చి, అందరూ హడలిపోయాక, దాచి తెచ్చుకున్న మౌత్ ఆర్గాన్ తీసి క్రిస్మస్ పాట ఎత్తుకున్నాడు షిరా. రెండోవాడు చిరుగంటలు ఊపాడు. అది హోనర్ వాళ్ల బుల్లి మౌత్ ఆర్గాన్, నాలుగే రంధ్రాలు, బొటనవేలంత. ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. చీఫ్ ఇంజినీర్‌కి తెలీకుండా ఇంజిన్ రూమ్‌లో ఊదే నీకు ఆయన వరసకి పెద్దన్న అవుతాడు.

నేను డిసెంబరు 20కి వస్తున్నా. సరిగ్గా అలాంటి బుల్లిదే నీ కోసం కొన్నాను, ఈసారి ఓడకి అది తీసుకెళ్లు. ఈలోగా వాడిది వాడికిచ్చేయ్. నాలుగో రంధ్రం పీలిస్తే పలకట్లేదని నాతో అన్నావు చూడు, సముద్రపు ఉప్పో నీ నోటి తడో గానీ, ఆ సంగతి వాడికి నువ్వే చెప్పు, నన్ను మధ్యలోకి లాగకు. చెప్పేముందు ఒక కాజా వాడి నోట్లో పెట్టు. నీ తల తిరుగుడు తగ్గిందా? పెదవి ఎలా ఉంది?

అమ్మకి నా నమస్కారాలు. మోటారు కొత్తది వేయించారని సుబ్బు అన్నాడు, అది ఏ శ్రుతిలో మోగుతోందో చూసి రాయి.

నీ
శ్రీను